జాజు పూసిన గొర్రె వెంట పాలమూరు దాకా

ఈ ప్రయాణం గురించి ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పబోయాను. మా విభాగాధిపతి గడియారం చూసుకున్నారు. నా పక్క బల్ల సీనియరు సగంలో చెయ్యి కడుక్కోవడానికి లేచి మళ్లీ రాలేదు. విదేశం పోయి వచ్చినవాళ్లు అక్కడి రొట్టెల దుకాణం గురించి చెబితే మధ్యాహ్నమంతా వింటారు. నేను దేవరకొండ అనగానే అందరికీ పనులు గుర్తుకొస్తాయి. అందుకే రాస్తున్నాను. వినే ఓపిక లేనివాళ్లకు చదివే ఓపికైనా ఉంటుందేమో.

హైదరాబాదులో ఒక పరిశోధనాలయంలో నేను సహాయకుణ్ణి. పేరు రాయను, రాస్తే అదొక నేరమవుతుంది. మా పని ఊపిరితిత్తుల క్యాన్సరు కణాలను గాజు సీసాల్లో పెంచి, అవి ఎందుకు అంత తొందరగా పెరుగుతాయో చూడటం. అందులో ఒక రకం కణాలు పెరగడానికి బయటి ఆజ్ఞ కోసం ఎదురుచూడవు. పెప్టైడ్ అనే చిన్న ప్రొటీన్ ముక్కను తామే తయారుచేసి బయటికి వదులుతాయి. అది తిరిగొచ్చి ఆ కణాల పైపొర మీదనే అతుక్కుంటుంది. అతుక్కోగానే పెరగమని కబురు అందినట్టు. తన కబురు తనకే పంపుకుని, తానే విని, తానే పెరుగుతుందన్నమాట. ఆ ముక్కను దారిలోనే పట్టేస్తే కణం నెమ్మదిస్తుందని విదేశీ పత్రికల్లో వచ్చింది. మా దగ్గర చేసి చూడాలంటే ఆ ముక్కను పట్టే యాంటీబాడీ కావాలి. పెప్టైడును ఒక పెద్ద ప్రొటీనుకు అతికించి జంతువుకు సూది వేస్తే, దాని నెత్తురులో ఆ యాంటీబాడీ పుడుతుంది.

మా కుందేళ్ల నెత్తురులో పుట్టింది చాలా పలుచన. గొర్రె అయితే ఎక్కువ నెత్తురు ఇస్తుందని సమావేశంలో అన్నాను. "ఇది పరిశోధనాలయం, గొర్రెల దొడ్డి కాదు" అన్నారు విభాగాధిపతి. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

మా ఊరు నల్గొండ జిల్లా. అక్కడ కొమరయ్య మందలో ఒక నల్ల గొర్రెకు నేనే వెళ్లి నెలనెలా సూదులు వేసి వచ్చాను. మొదటి సూదికి ముందు కొంత నెత్తురు తీసి దాచాను. చివరిసారి ఒక చిన్న గొట్టం నెత్తురు తీసి పరీక్షిస్తే, దాని పైన తేలిన సీరం పెప్టైడును ఇట్టే పట్టేసింది. కుందేళ్లన్నీ దాని ముందు దిగదుడుపు. ఇక పెద్ద సీసాలతో తేవడమే మిగిలింది. వార్షిక సమీక్షలోపు ఫలితం చూపకపోతే ఆ పని మూసేసి నన్ను జంతుశాల సామాన్ల లెక్కకు వేస్తామన్నారు. జీపు అడిగాను, ఇవ్వలేదు. డ్యూటీ మీద పంపమన్నాను, సెలవు పెట్టుకోమన్నారు. సెలవు పెట్టి, ఐసు పట్టే నీలం ఫ్లాస్కు ఒకటి భుజానికేసుకుని బయల్దేరాను.

నల్గొండ

బస్టాండులో టీకి ముందు నీళ్లు తాగాను. నల్గొండ నీళ్లకు ఒక మందం ఉంటుంది, నాలుకకు అంటుకుంటుంది. పట్నం అలవాటుకు మొహం చిట్లించినట్టున్నాను. టీ కొట్టాయన కనిపెట్టాడు.

"పట్నం పోంగనె మా నీళ్లు చేదైనయా సారూ" అన్నాడు.

నేను ఆ నీళ్లు తాగే పెరిగానని చెప్పాను. నమ్మలేదు. టీ మాత్రం బాగుంది, హైదరాబాదు కంటే పావలా తక్కువ.

మా ఊళ్లో కొమరయ్య ఇంటికి తాళం లేదు, గొళ్లెం ఉంది. అరుగు మీద అతని తల్లి ఎల్లవ్వ గొంగడి దారం వడుకుతోంది. ఈసారి గడ్డి లేదని, శివరాత్రి కాగానే మందను తోలుకుని కల్వకుర్తి దిక్కు పోయారని చెప్పింది. మా వైపు గొల్లకురుమలు ఎండాకాలం ముందు ఇలా మందలతో పోవడం మామూలే. పోయిన చోట రైతుల చేన్లలో రాత్రుళ్లు మందను పడుకోబెడతారు. ఎరువు రైతుకు, గింజలు వీళ్లకు. మామూలే గాని నాకు ముందే చెప్పాలి కదా అన్నాను.

"నీకు చెప్పి పోవాల్నా కొడుకా? గొర్రెలు నీయి కావు, గడ్డి నీది కాదు" అంది ఎల్లవ్వ. అని, జొన్న గటక, పుంటికూర పెట్టింది. హైదరాబాదులో మా కిరాయి ఇంటి యజమాని భార్యకు జొన్నన్నం పేదవాళ్ల తిండి. ఆమె ఒకసారి ఆ మాట నా ముందే అంది. ఆ రోజు ఎల్లవ్వ ఇంట్లో రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

లేచేటప్పుడు ఎల్లవ్వ ఇంకో మాట చెప్పింది. తొవ్వ ఖర్చుకు దేవరకొండ సంతలో కొన్ని గొర్రెలు అమ్ముతానన్నాడట కొమరయ్య. ఫ్లాస్కు భుజానికేసుకుని దేవరకొండ బస్సు కోసం పరుగెత్తాను.

దేవరకొండ

నేను చేరేసరికి సంత లేదు, సంత జరిగిన జాగా ఉంది. దాని ఎదురుగా యాసీన్ హోటలు. యాసీన్ లావుపాటి మనిషి, సంతరోజు కుర్చీ బయట వేసుకుని బేరాలన్నీ చూస్తాడట. కొమరయ్య తెలుసన్నాడు, పోయిన సంతకు వచ్చిండన్నాడు. నా గొర్రెకు ఆనవాలుగా వీపు మీద ఎర్రజాజు, అదే ఎర్రమట్టి రంగు, పూసి ఉంటుందని చెప్పాను.

యాసీన్ చేతిలో సాసరు ఆగిపోయింది. "జాజు ఎవరు పెట్టిండ్రు?"

"నేనే. మందలో గుర్తుపట్టడానికి."

"అరె సారూ. ఈడ బేరం కుదిరిన గొర్రెకే జాజు పెడతరు. జాజు ఉన్నదంటే అమ్ముడు పోయినట్టు. కొన్నోని మనుషులొచ్చి ఎర్రగున్నయన్ని మలుపు అవతలి లారీ దిక్కు తోలుకపోయిండ్రు. నేను ఈన్నే కూసున్న."

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. కొమరయ్య కూడా చెప్పలేదు. జాజు పూస్తుంటే పక్కనే నిలబడి చూశాడు. తర్వాత అడిగితే, మా ఊళ్లో ఉన్నప్పుడు దానితో పనేముంది, సంతకు పోయేదాకా ఎట్ల పూసినా ఒకటే అన్నాడు. నేను పుట్టిన జిల్లాలో గొర్రె వీపు మీద రంగుకు ఏం అర్థమో నాకు తెలియకుండానే నన్ను కాలేజీ దాకా చదివించారు.

యాసీన్ జాలిపడి ఖీమా, రొట్టె తెప్పించాడు. ఖీమా వైపు చూశాను. ఆ పూట తినలేకపోయాను. పప్పు అడిగాను. ఎందుకో అతనికి అర్థమైంది, నవ్వు ఆపుకోవడానికి లోపలికి పోయాడు. బిల్లులో ఖీమా వేయలేదు. అతని నవ్వు నేను మరచిపోయాననను గాని, ఆ బిల్లు కూడా మరచిపోలేదు.

అక్కడి నుంచే వెనక్కి తిరిగి ఉంటే మా సీనియరు చాలా సంతోషించేవాడు. ఆ సంగతి తలచుకుని కల్వకుర్తి బస్సెక్కాను. గొర్రె పోతే పోయింది, పోయిందని కొమరయ్య నోటితో వినాలి.

దారిలో, టైరు పేలిన చోట

చారకొండ దాటాక బస్సు టైరు పేలింది. అందరం దిగి కానుగ చెట్ల నీడన కూర్చున్నాం. నా పక్కన ఒక పెద్దామె, పేరు బాలమ్మ, ఒడిలో పల్లికాయల మూట. ఫ్లాస్కు చూసి నన్ను ఐసు అమ్మేవాడనుకుంది. కాదు, ఇది పెప్పుసుకాయల, అంటే ఊపిరితిత్తుల, జబ్బు మీద జరిగే పని అన్నాను. ఆమె మూట ముడి విప్పడం ఆపింది. భర్త బీడీలు తాగీ తాగీ దగ్గులో నెత్తురు పడుతోందట. పట్నం పెద్ద దవాఖానలో ఫోటో తీసి క్యాన్సరన్నారట. పెద్ద డాక్టరు ఫోటోను వెలుగుకు పట్టి చూసి పక్కవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడాడట గాని, ఆమెతో ఒక్క మాట అనలేదట.

నాకు తెలిసింది నాకు వచ్చిన తెలుగులో చెప్పాను. గడ్డ తనకు తానే ఎరువు వేసుకుంటుందని, ఆ ఎరువును దారిలో పట్టుకునే ప్రయత్నమే మాదని. పల్లిచేను సంగతి తెలిసిన మనిషి, వెంటనే అందుకుంది.

"మరి గది మందైతదా సారూ? మా ఆయనకు అందుతదా?"

అందదని చెప్పాను. ఇది సీసాలో కణాల మీద పని. సీసా వేరు, మనిషి వేరు. మందయ్యే మాటుంటే దానికి చాలా ఏళ్లు పడుతుందన్నాను. చెప్పాక తిడుతుందేమో అనుకున్నాను. ఆమె మూట ముడి పూర్తిగా విప్పి, దోసెడు పల్లికాయలు నా రుమాల్లో పోసింది.

"అబద్ధం చెప్పలె నువ్వు. ఆ పెద్ద సారు గిట్ల కూసుండి ఒక్క మాట చెప్తే ఏం పోయేది" అంది.

ఆ ప్రశ్న నాది కూడా. పెద్దవాళ్లు జవాబు చెప్పకపోవడం నా ఒక్కడితోనే కాదని ఆ చెట్టు కింద తెలిసింది. అదొక ఓదార్పు.

కల్వకుర్తి దాటి

మంద దొరకడం కష్టం కాలేదు. పల్లి పీకేసిన చేన్లన్నీ ఎర్రగా ఉంటే ఒక్కటే నల్లగా కదులుతోంది. కొమరయ్య గొంగడి నెత్తిన వేసుకుని బీడీ కాలుస్తున్నాడు. చిన్నప్పుడు బళ్లో నా ముందు వరసలో కూర్చునేవాడు, నాకంటే రెండేళ్లు పెద్ద. నన్ను చూడగానే లేచాడు. నేను దూరం నుంచే అడుగుదామనుకున్నాను గాని, ముందు అతనే అందుకున్నాడు.

"రా తమ్మీ రా. నీకోసమే చూస్తున్న. ఏం సూదులేసినవ్ నా గొర్రెకు?"

ఏమైందన్నాను.

"ఏమైందా. వీపంత గడ్డలు. సంతల నీ జాజు చూసి, అమ్ముడుపోయిందనుకొని దాన్ని గూడ తోలుకపోయిండ్రు. లారీల ఎక్కిచ్చేటప్పుడు కొన్న సావుకారి దాని వీపు మీద చెయ్యేసిండు. గడ్డలు తగిలినయ్. రోగం గొర్రెను కలిపినవని నన్ను నలుగుట్ల తిట్టి, దాన్ని కిందికి తోసిండు. ఇగ గా గొర్రెను ఎవడు కొంటడు?"

అంటే గొర్రె ఉంది.

సూదిమందును నూనెలాంటి దానిలో కలిపి చర్మం కింద వేస్తాం. మందు నెమ్మదిగా లోపలికి దిగాలని. దానికి గడ్డలు లేస్తాయి, అది రోగం కాదు. నా జాజు దాన్ని లారీ దాకా తోలింది, నా గడ్డలు కిందికి దింపాయి. కొమరయ్య ఇంకా తన పరువు సంగతి చెబుతూనే ఉన్నాడు. నేను వినలేదు, మందలోకి పోయాను. దగ్గర నుంచి చూస్తే ఎర్ర మట్టి దుమ్ముకు అన్ని వీపులూ ఎర్రగానే ఉన్నాయి. ఒక్కొక్కదాని వీపు తడుముతూ పోయాను. మిగతా కాపర్లు చూసి నవ్వుతున్నారు. ఒకతను, "సారు గొర్రెలకు మాలిష్ చేస్తుండు" అన్నాడు. నవ్వనిమ్మని ఊరుకున్నాను. చివరికి భుజాల మధ్య, చింతగింజల్లా వరసగా గడ్డలు చేతికి తగిలాయి. గొర్రె తల తిప్పి నా వైపు చూసి మళ్లీ గడ్డిలోకి పోయింది. నా మొత్తం ఉద్యోగంలో అంత గౌరవంగా నన్నెవరూ పట్టించుకోకుండా ఉండలేదు.

రాత్రికి కొమరయ్య భార్య మల్లమ్మ జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు పెట్టింది. మా వైపు రొట్టెకు ఉల్లిగడ్డ పక్కన పెడతారు, ఇక్కడ పల్లిగింజలు నూరి తొక్కులోనే కలుపుతారు. పాలమూరు తొక్కు మెరుగని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు, మూడో రొట్టె మాత్రం తిన్నాను.

తెల్లారి పని. కొమరయ్య గొర్రెను కాళ్ల మధ్య ఇరికించి తల పట్టుకున్నాడు, నేను మెడ మీద ఉన్ని కత్తిరించి నరం మీద వేలు పెట్టాను. సీసాలోకి నెత్తురు సన్నగా దిగుతుంటే కాపర్లందరూ చుట్టూ చేరారు, ఈసారి నవ్వలేదు. గొర్రెకు హాని లేనంతే తీసి ఆపాను. మల్లమ్మ దాని ముందు నీళ్లు, జొన్నలు పెట్టింది. గొర్రె అదేమీ పట్టనట్టు తిన్నది.

"ఇంత చేసినంక, మీ పెద్ద కాయితాల్ల మా మంద పేరు రాస్తరా తమ్మీ?" అన్నాడు కొమరయ్య. "రోగం గొర్రెని తిట్టిన సావుకారికి సదివి చెప్పాలె."

రాస్తారన్నాను. నేనే రాయిస్తానన్నాను.

మహబూబ్‌నగర్

నెత్తురు గడ్డకట్టి, గడ్డ ముడుచుకుని, పైన పసుపు పచ్చని సీరం తేలాలి. దానికి చల్లదనం కావాలి. ఎండ మండిపోతోంది. జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ దిగి ఐసు ఎక్కడ దొరుకుతుందని అడిగితే, స్టేషను దగ్గర పుల్ల ఐసు తయారుచేసే జాగా చూపించారు. యజమాని జహీర్ భాయ్. చొక్కా మీద మూడు రంగుల మరకలు, నవ్వు మాత్రం తెల్లగా. సీసాల్లో ఉన్నది గొర్రె నెత్తురని చెప్తే పంపేస్తాడనుకుని ముందు మందు అన్నాను, తర్వాత మనసొప్పక నిజం చెప్పాను.

"దాంట్లె ఏమున్నది. నా దగ్గర ఐసుంది, నీ దగ్గర పనుంది. జర మూతలు గట్టిగ పెట్టు, నా ఐసుల మీద పడొద్దు" అన్నాడు. తన పెట్టెలో ఒక మూల ఖాళీ చేసి సీసాలను విడిగా ఒక డబ్బాలో పెట్టించాడు. కిరాయి అడిగితే ఫికర్ చేయకన్నాడు. మా పరిశోధనాలయంలో శీతల గదిలో ఒక అర కోసం నేను ఎన్నిసార్లు తిరిగానో ఎవరికైనా తెలుసా?

మర్నాడు పొద్దున్నే పోయి చూశాను. సీసాల్లో సీరం లేత బంగారు రంగులో, ఏ మడ్డీ లేకుండా తేలి ఉంది. శుభ్రమైన సీసాల్లోకి వంచుకుంటుంటే ఐసుకొచ్చిన ఒకామె మామిడి రసమా, ఎంతకిస్తారని అడిగింది. అమ్మేది కాదన్నాను. జీవితంలో మొదటిసారి, నా దగ్గరున్నది అడిగినవాళ్లకు ఇవ్వనని చెప్పాను.

షాద్‌నగర్

మీటర్ గేజి బండి షాద్‌నగర్‌లో ఆగి కదలలేదు. ఫ్లాస్కులో ఐసు నీళ్లయింది. కిటికీ వైపు నుంచి ఎండ. ఫ్యాక్టరీ పనికి పోయే ఒక గుంపు ఎక్కింది, అందులో ఒకతను కాలు పెట్టుకోవడానికి ఫ్లాస్కు జరపబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. గొడవవుతుందనుకున్నాను. లోపలేముందో చెప్పాక అతనే దిగి ప్లాట్‌ఫారం మీద సోడాబండి దగ్గర ఐసుముక్కలు అడిగి తువ్వాలులో మూటకట్టి తెచ్చాడు. గుంపు మొత్తం నీడ వైపు సీట్లు ఖాళీ చేసి ఫ్లాస్కును కూర్చోబెట్టింది. నేను నిలబడే ఉన్నాను. అందులో బాధ ఏమీ లేదు, ఫ్లాస్కుకు సీటు దొరికింది.

హైదరాబాదు

ఇక అసలు సంగతి. సీరంలోంచి యాంటీబాడీని వేరుచేసి శుద్ధిచేశాను. క్యాన్సరు కణాలను మూడు వరసల సీసాల్లో పెట్టాను. ఒకదానికి, సూదులకు ముందు అదే గొర్రె నుంచి తీసిన నెత్తురులోని యాంటీబాడీలు. రెండోదానికి, కల్వకుర్తి చేనులో తీసిన నెత్తురులోనివి. మూడోదానికి కూడా అవే, వాటితో పాటు అవి పట్టలేనంత పెప్టైడు, కబురు ఎలాగైనా కణానికి అందేలా. మొదటి వరస ఎప్పటిలాగే పెరిగింది. మూడోది దానికి దగ్గరగా పెరిగింది. రెండో వరస మాత్రం నెమ్మదించింది. సూక్ష్మదర్శిని కింద కణాలను లెక్కపెట్టి, నమ్మక మళ్లీ లెక్కపెట్టి, ఇంకోసారి మొదటి నుంచి చేశాను. మళ్లీ అదే. కబురు దారిలో దొరికిపోయింది, కణం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

ఏ గొర్రె నెత్తురు పోసినా కణాలు చస్తాయని అన్నవారికి మొదటి వరసే జవాబు. సమీక్ష రోజు ఆ మూడు వరసల పెరుగుదలను మూడు గీతలుగా గీసి గోడ మీద చూపించాను. ఎవరూ నవ్వలేదు. చెయ్యి కడుక్కోవడానికి పోయిన సీనియరు ఆ సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి, కొంచెం సీరం ఇస్తావా అని అడిగాడు. ఇచ్చాను, అన్నిటికంటే చిన్న గొట్టంలో.

పని మూయలేదు. నన్ను సామాన్ల లెక్కకు వేయలేదు. కొమరయ్య గొర్రె ఇప్పటికీ మందలో ఉంది. దాన్ని ఎవరూ కొనరు కనుక హాయిగా ముసలిదవుతోంది, మొన్న రెండు పిల్లలను ఈనిందట.

ఆ తర్వాత మా వార్షిక నివేదిక వచ్చింది. నా మూడు గీతలు అందులో ఉన్నాయి. కింద ఒక మాట ఉంది: "తెప్పించిన సీరంతో." అంతే. మంద లేదు, ఊరు లేదు, కొమరయ్య లేడు. నా పేరు లేకపోవడం నాకు కొత్త కాదు, అది వేరే లెక్క. కాని నేను ఒక చేనులో నిలబడి ఒక మనిషికి మాట ఇచ్చి వచ్చాను. విభాగాధిపతి గారికి రెండుసార్లు రాసిచ్చాను, ఒకసారి మెట్ల మీద ఆపి అడిగాను. ఆయన గడియారం చూసుకున్నారు.

కొమరయ్య ఈ వానలకు ఊరికి వస్తాడు. కాయితం తెమ్మంటాడు. అయ్యా, ఇప్పుడు ఇంతమంది చదువుతుండగా అడుగుతున్నాను. ఆ సీరం ఎక్కడి నుంచి తెప్పించారు? ఎవరి మందలోంచి? తెచ్చిందెవరు? కొమరయ్య రాకముందే చెప్పండి.